వాటం లేని కాలికి ఒక టోర్నమెంట్ పెట్టండి

మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట, నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాల యువజన, క్రీడల అధికారులకు, మండల విద్యాధికారులకు, సర్కారు బడుల్లోని పీఈటీ సార్లకు, మేడమ్‌లకు,

నమస్కారం.

ఆగస్టు 17 సయ్యద్ అబ్దుల్ రహీం పుట్టినరోజు. 1909లో పుట్టారు. హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టుకూ, భారత ఫుట్‌బాల్ జట్టుకూ శిక్షకుడు. వృత్తిరీత్యా బడిపంతులు. అంటే మీ కోవకు చెందిన మనిషే. ఆయన పేరిట ఏదైనా చేద్దామనుకోగానే అందరికీ ముందు తోచేది ఫొటోకు దండ, ఒక్కరోజు నాకౌట్, సాయంత్రం కప్పు. నాకౌట్‌కు పదహారు బడులు వస్తే ఎనిమిది బడుల పిల్లలు ఒక్క మ్యాచ్ ఆడి బస్సెక్కుతారు. అందులో ఒక పిల్లవాడి కాలికి బంతి ఎన్నిసార్లు తగులుతుందో మీకు తెలియంది కాదు.

మేము అడుగుతున్నది వేరే. రహీం సాబ్ హైదరాబాద్ కుర్రాళ్లకు రెండు రకాల టోర్నమెంట్లు నడిపారు. ఒకదాంట్లో వాటం లేని కాలితోనే, అంటే కుడికాలి వాటం వాడు ఎడమ కాలితోనే, తన్నాలి. ఇంకోదాంట్లో డ్రిబ్లింగ్, అంటే బంతిని కాలితో నడుపుకుంటూ ఎదుటివాళ్లను తప్పించుకుపోవడం, చేయకూడదు. ఈ రెండింటినీ మన మండలాల్లో పద్నాలుగేళ్లలోపు పిల్లలకు, మగపిల్లలకూ ఆడపిల్లలకూ విడివిడిగా, పెట్టమని ఈ ఉత్తరం. ఎలా పెట్టాలో, ఎక్కడ తేడా వస్తుందో కూడా కిందే రాస్తున్నాం.

ముందుగా, పిల్లలకు చెప్పాల్సిన చరిత్ర. సిటీ పోలీస్ జట్టు బొంబాయి రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు గెలిచింది. 1950లోనే డ్యూరాండ్ కప్పు ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించింది. రాష్ట్ర జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ 1956-57లో, 1957-58లో హైదరాబాద్‌దే. 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో మన జట్టు దాన్ని మళ్లీ గెలిచింది. 1956 నవంబరు 1 దాకా పాలమూరూ నల్లగొండా హైదరాబాద్ రాష్ట్రంలో జిల్లాలే కాబట్టి ఇది పొరుగూరి గొప్ప అనుకోనవసరం లేదు.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ది నాలుగో స్థానం. ఆ జట్టులో పీటర్ తంగరాజ్, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం మన హైదరాబాద్, సికింద్రాబాద్ వాళ్లు. ఇది బడి అసెంబ్లీలో చదివేటప్పుడు పూర్తిగా చదవండి. మొదటి రౌండ్‌లో హంగేరీ రాలేదు కాబట్టి ఆడకుండానే క్వార్టర్ ఫైనల్‌కు వెళ్లాం. అక్కడ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించాం, బొంబాయి ఆటగాడు నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. సెమీఫైనల్లో యుగోస్లావియా చేతిలో 4-1, కాంస్యం మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో 3-0తో ఓడిపోయాం. అంతకు నాలుగేళ్ల ముందు హెల్సింకీలో అదే యుగోస్లావియా మనకు పది గోల్స్ కొట్టింది, మనం ఒక్కటే కొట్టాం. ఆ చలిలో మనవాళ్లు చాలామంది ఉత్త కాళ్లతో ఆడారు. పది నుంచి నాలుగుకు తగ్గిన ఆ తేడాలో రహీం సాబ్ పని కనిపిస్తుంది. పొగడ్తలు కలిపితే అదే మసకబారుతుంది.

బలరాం సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడ కుర్రాడు. ఎడమ వింగ్, ఇన్‌సైడ్ లెఫ్ట్, సెంటర్ ఫార్వర్డ్, ఎక్కడ నిలబెట్టినా ఆడేవాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీదా పెరూ మీదా గోల్స్ కొట్టాడు. ఒక మనిషి అన్ని స్థానాల్లో ఆడాలంటే రెండు కాళ్లూ పనిచేయాలి. ఎడమ కాలు రాని ఆటగాడు ఎడమ వింగ్‌లో గీత దగ్గరికి పోయి, కాలు మార్చుకోవడానికి బంతిని లోపలికి లాగుతాడు. ఆ ఒక్క క్షణంలో అవతలి జట్టు బ్యాక్ (డిఫెండర్) వచ్చేస్తాడు.

1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్ సెప్టెంబరు 4న జరిగింది. దక్షిణ కొరియాను 2-1తో ఓడించాం. గోల్స్ పీకే బెనర్జీ, జర్నైల్ సింగ్ కొట్టారు. జర్నైల్ అసలు డిఫెండర్. అంతకుముందు ఒక మ్యాచ్‌లో తలకు దెబ్బ తగిలి కుట్లు పడితే, వెనక ఉండి ప్రతి ఎత్తు బంతినీ తలతో కొట్టే పని తప్పించి, రహీం సాబ్ అతన్ని సెంటర్ ఫార్వర్డ్‌కు మార్చారు. జ్వరంతో లేచిన తంగరాజ్‌ను గోల్‌లో నిలబెట్టారు. బలరాం, యూసుఫ్ ఖాన్ ఆ జట్టులో ఉన్నారు. రహీం సాబ్ అప్పటికే క్యాన్సర్‌తో ఉన్నారు, మరుసటి ఏడాది జూన్ 11న పోయారు.

తరవాతి తరం కలకత్తాకు వెళ్లింది. సయ్యద్ నయీముద్దీన్ కెప్టెన్‌గా 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం వచ్చింది. మహమ్మద్ హబీబ్ 1977 సెప్టెంబరు 24న ఈడెన్ గార్డెన్స్‌లో, పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ జట్టు మీద మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టాడు, ఆ మ్యాచ్ 2-2. షబ్బీర్ అలీ 1974లో ఆసియా యూత్ టైటిల్‌ను ఇరాన్‌తో పంచుకున్న జట్టు కెప్టెన్. ఇంకా పేర్లున్నాయి. వాటికి ఈ ఉత్తరం చాలదు.

ఇక ఆట ఎంత మారిందో చూడండి. ఆ రోజుల బంతి తోలుది, లోపల రబ్బరు బ్లాడర్, పైన తాడుతో కుట్టు. తాడు ముడి నుదుటికి తగిలితే చర్మం గీసుకుపోయేది. వాన పడితే తోలు నీళ్లు పీల్చి బరువెక్కేది. ఇప్పటి బంతి నీళ్లు అంతగా పీల్చదు, గాలిలో వేగంగా పోతుంది, తక్కువ బలంతో ఎక్కువ దూరం వెళ్తుంది. అప్పుడు ముగ్గురు బ్యాక్‌లు, ఐదుగురు ఫార్వర్డ్‌లు నిలబడేవారు. బంతి అందుకున్న ఇన్‌సైడ్ ఫార్వర్డ్‌కు తలెత్తి చూసే తీరిక ఉండేది. ఇప్పుడు బంతి కాలికి తగిలేలోపే ఇద్దరు మీదికొస్తారు. 1992 నుంచి, సహచరుడు కాలితో వెనక్కిచ్చిన బంతిని గోల్‌కీపర్ చేత్తో పట్టకూడదు. అందువల్ల గోల్‌కీపర్‌కు కూడా రెండు కాళ్లూ కావాలి. తీరిక తగ్గేకొద్దీ వాటం లేని కాలు అవసరం పెరుగుతుంది, అడుగడుగునా డ్రిబ్లింగ్ చేసేవాడికి బంతి పోతుంది. అందుకే ఆ రెండు టోర్నమెంట్లు 1950ల కంటే ఇప్పుడే ఎక్కువ పనికొస్తాయని మా గట్టి నమ్మకం.

స్థలం లేదనే మాట మొదట వస్తుంది. పదకొండు మంది ఆటకు లేదు, నిజమే. ఏడుగురి ఆటకు 60 మీటర్ల పొడవు, 40 మీటర్ల వెడల్పు చాలు. చుట్టూ మూడేసి మీటర్లు వదిలితే 66 ఇంటూ 46, అంటే 30 గుంటలు. ఎకరం ఉన్న క్రీడా ప్రాంగణంలో కబడ్డీ, వాలీబాల్ కోర్టులు ఒక పక్కకు జరిపితే మిగతాది సరిపోతుంది.

నేల చూసి మండలంలో చోటు ఎంచుకోండి. చెలక నేల అయితే వాన వెలిసిన మర్నాడే ఆడొచ్చు. రేగడి అయితే మూడు నాలుగు రోజులు కాళ్లకు ముద్దలు ముద్దలుగా అంటుకుంటుంది, ఎండితే నెర్రెలు తీస్తుంది. నెర్రెలో పాదం ఇరుక్కుంటే చీలమండ మెలిపడుతుంది కాబట్టి నెర్రెలున్న నేల మీద వద్దే వద్దు. మొరం పోసిన గ్రౌండ్ అయితే గోలీకాయ కంటే పెద్ద రాయి ఏరేయాలి. ముళ్ల సంగతి మరీ ముఖ్యం. మన దగ్గర బంతులు తన్నుల వల్ల పోయేవి తక్కువ, సర్కారు తుమ్మ ముల్లుకూ పల్లేరు కాయకూ పోయేవే ఎక్కువ. ముందు రోజు పిల్లల్ని చెప్పులతో చేతులు చాచినంత దూరంలో వరుసగా నిలబెట్టి, ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకసారి, అడ్డంగా ఇంకోసారి నడిపించి ఏరించండి. సైడు గీత అవతల మూడు మీటర్ల దాకా కూడా ఏరాలి. బంతి ఎక్కువగా పోయేది అక్కడికే.

మూల లంబంగా రావాలంటే ఒక గీత మీద 6 మీటర్లు, రెండో గీత మీద 8 మీటర్లు కొలిచి, ఆ రెండు గుర్తుల మధ్య టేపు సరిగ్గా 10 మీటర్లు చూపేదాకా రెండో గీతను జరపండి. నాలుగు మూలలూ అయ్యాక కర్ణం కొలవండి. రెండు కర్ణాలూ 72 మీటర్ల 11 సెంటీమీటర్లు రావాలి. అరమీటరు తేడా వస్తే గ్రౌండ్ వంకర పోయినట్టే, మళ్లీ మొదటి మూల నుంచి. పెనాల్టీ ఏరియా 9 మీటర్ల లోతు, 20 మీటర్ల వెడల్పు, పెనాల్టీ గుర్తు 8 మీటర్ల దగ్గర, మధ్య వృత్తం 6 మీటర్ల వ్యాసార్ధం. అన్నీ కలిపితే గీత దాదాపు 350 మీటర్లు, 50 కిలోల ముగ్గు బస్తా ఒకటి సరిపోతుంది. సున్నం మాత్రం వాడకండి. పడిన పిల్లల చర్మం కాలుతుంది, కంట్లో పడితే చూపే పోవచ్చు.

గోల్ 5 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు. రెండంగుళాల జీఐ పైపు, నీలం గీత ఉన్న బి క్లాస్ తీసుకోండి. పసుపు గీతది పలుచన, నెలలోనే పై పట్టీ నడుమ కిందికి వంగుతుంది. పైపు 6 మీటర్ల పొడవు వస్తుంది. ఒక పైపులోంచి 5 మీటర్ల పట్టీ, ఇంకో పైపులోంచి రెండున్నర మీటర్ల నిలువులు రెండు. అంటే గోల్‌కు రెండు, మొత్తం నాలుగు పైపులు. నిలువుల్లో అరమీటరు భూమిలోకి పోవాలి. గుంతలో రెండున్నర అంగుళాల పైపు ముక్క కాంక్రీటుతో నిలబెడితే, ఆట అయ్యాక గోల్ ఊడదీసి స్టోర్‌లో పెట్టొచ్చు, దొంగతనం ఉండదు. తీసినప్పుడు ఆ రంధ్రానికి మూత వేయడం మరవొద్దు. పాతకుండా నేల మీద నిలబెట్టే గోల్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. పిల్లలు పట్టీకి వేలాడతారు, గోల్ ముందుకు పడుతుంది, తల మీద పడితే ప్రాణం పోతుంది. వల కట్టడానికి ఇనుప కొక్కేలు వెల్డింగ్ చేయించకండి, తాడు చాలు. గోల్‌కీపర్ వేలు కొక్కేనికి చిక్కితే ఊడివస్తుంది.

బంతి నాలుగో నంబరుది, చుట్టుకొలత 63.5 నుంచి 66 సెంటీమీటర్లు. రబ్బరు అచ్చు బంతి గట్టి నేల మీద మోకాలి దాకా ఎగిరి ఆగదు, పిల్లలకు ట్రాపింగ్ (వచ్చే బంతిని కాలితో ఆపి అదుపులో పెట్టడం) రాకుండా చేసేది అదే. కుట్టు బంతి కొని గాలి కాస్త తక్కువ పెట్టండి. బొటనవేలితో గట్టిగా నొక్కితే అర సెంటీమీటరు లోపలికి పోవాలి. పంపు సూదిని తడిపి గుచ్చాలి. పొడి సూది వాల్వ్‌ను చీలుస్తుంది, ఆ బంతి ఇక రోజూ సాయంత్రానికి మెత్తబడుతుంది. అడుగున ఆరు స్టడ్లు (గుబ్బలు) ఉన్న బూట్లు మన నేలకు పనికిరావు. స్టడ్ దిగదు, పాదం ఊగుతుంది, అరికాలు బొబ్బలెక్కుతుంది. కాన్వాస్ బూట్లు చాలు. ఒక జట్టుకు బూట్లు లేకపోతే రెండో జట్టు కూడా విప్పి ఆడాలి. ఒకరికి ఉండి ఒకరికి లేని ఆట పెట్టొద్దు.

ఇక అసలు ఆట. వాటం ఏ కాలో పిల్లల్ని అడగకండి. గెలవాలన్న ఆశతో కొందరు తప్పు చెబుతారు. వేరే మాటల్లో పెట్టి ఉన్నట్టుండి బంతి దొర్లించండి, ముందుగా ఏ కాలు లేస్తుందో అదే వాటం కాలు. మూడుసార్లు చూస్తే చాలు. ఆ కాలికి చీలమండ పైన జడ రిబ్బను, ఎర్రది, అరమీటరు ముక్క కట్టండి. రిబ్బను కాలితో కావాలని బంతి తాకితే అక్కడి నుంచి అవతలి జట్టుకు ఇన్‌డైరెక్ట్ ఫ్రీ కిక్, అంటే ఇంకో ఆటగాడికి తగలకుండా నేరుగా కొట్టిన గోల్ చెల్లదు. తెలియకుండా తగిలితే ఆట సాగాలి. పెనాల్టీ ఏరియాలో జరిగితే బంతిని ఏరియా గీత మీదికి తెచ్చి కొట్టించండి, లేకపోతే గోల్ ముందు తొక్కిసలాట అవుతుంది. పెనాల్టీలూ వాటం లేని కాలితోనే. గోల్‌కీపర్ చేతులు వాడొచ్చు, తన్నితే మాత్రం అదే నియమం. వాలీబాల్, కబడ్డీ నుంచి వచ్చిన సార్లకు ఒక మాట: ఇన్‌డైరెక్ట్ ఇచ్చినప్పుడు చెయ్యి తల మీదికి ఎత్తి, ఇంకో ఆటగాడికి బంతి తగిలేదాకా దించకూడదు. దించితే నేరుగా కొట్టిన గోల్ గురించి గొడవ మొదలవుతుంది.

మొదటి పది నిమిషాలు ఆట చూడబుద్ధి కాదు. బంతి పక్కకు పోతుంది, పిల్లలు పడతారు, చూసేవాళ్లు నవ్వుతారు. అక్కడ ఆపేయకండి. తప్పు చాలావరకు తన్నే కాలిది కాదు, నిలబడే కాలిది. ఎప్పుడూ తన్నే కాలు ఇప్పుడు ఒంటరిగా బరువు మోయాలి, దానికి ఆ అలవాటు లేదు. నిలబడిన పాదం బంతికి జానెడు దూరంలో, సరిగ్గా పక్కన ఉందా చూడండి. వెనక ఉంటే ఒళ్లు వెనక్కి వాలి బంతి పైకి లేస్తుంది. బంతిని దాటి ముందుకు పోతే అది నేలకు కరుచుకుని బలం లేకుండా దొర్లుతుంది. మోకాలు కొంచెం వంచి, వేళ్లు బంతి పోవాల్సిన వైపు పెట్టమనండి. టోర్నమెంట్‌కు ఆరు వారాల ముందు నుంచి రోజూ పీఈటీ పీరియడ్‌లో గోడకు ఐదు మీటర్ల దూరం నుంచి వాటం లేని కాలితో వంద పాసులు కొట్టిస్తే ఆట ముఖమే మారిపోతుంది. దూరం పెంచే తొందర వద్దు. దూరం పెరిగితే పిల్లలు బలం కోసం బొటనవేలితో పొడుస్తారు.

డ్రిబ్లింగ్ లేని ఆటకు మేము సూచించే నియమం: ఒకరి దగ్గర బంతికి మూడు తాకుళ్లు మించకూడదు. రెఫరీ గట్టిగా లెక్కపెట్టాలి, పిల్లలకు వినబడాలి. ఇందులో వచ్చే చిక్కు ఒక్కటే. తొందరలో అందరూ బంతిని గాల్లోకి బాదేస్తారు, ఆట వాలీబాల్ అవుతుంది. అందుకని సొంత సగంలో నడుము కంటే ఎత్తుగా తన్నితే ఇన్‌డైరెక్ట్ ఇవ్వండి. అప్పుడు బంతి లేని పిల్లవాడు కదలక తప్పదు, పాస్‌కు దారి చూపక తప్పదు.

మండలానికి ఎనిమిది బడులు చాలు. నాలుగేసి జట్ల గ్రూపులు రెండు చేస్తే మొత్తం 12 మ్యాచ్‌లు. ఒక్కో సగం 10 నిమిషాలు, నడుమ 3 నిమిషాలు, జట్లు మారడానికి 7, కలిపి అరగంట. ఉదయం 8కి మొదలుపెడితే మధ్యాహ్నం 2కి లీగ్ అయిపోతుంది, తరవాత ఫైనల్ ఒక్కటే. ప్రతి జట్టుకూ మూడు మ్యాచ్‌లు, గంట ఆట ఖాయం. వయసు సర్టిఫికెట్ల తగాదా మీకు తెలిసిందే. గోడ మీద 150 సెంటీమీటర్ల దగ్గర గీత గీసి, దాని కింద నిలబడగలిగినవాళ్లను ఆడించండి. పొట్టి పిల్లలకు ఆడే వంతు వస్తుంది, తగాదా గోడ దగ్గరే తీరుతుంది. బడి పేరు పక్కన తంగరాజ్, బలరాం, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, హబీబ్, నయీముద్దీన్, యూసుఫ్ ఖాన్, షబ్బీర్ అలీ పేర్లలో ఒకటి పెట్టి, ఆ జట్టు పిల్లవాడి చేతనే ఆయన గురించి నాలుగు వాక్యాలు చదివించండి. ఆడపిల్లల టోర్నమెంట్‌లో గుగులోత్ సౌమ్య పేరు తప్పనిసరిగా ఉండాలి. నిజామాబాద్ జిల్లా తండా నుంచి భారత జట్టుకు వెళ్లిన అమ్మాయి, ఇప్పుడూ ఆడుతోంది. కస్తూర్బా విద్యాలయాలు, గురుకులాలు ఇందులో ముందుండాలని మా కోరిక, వాటికి సాయంత్రం గ్రౌండ్ సమయం ఇప్పటికే ఉంది.

జూన్ 12న బడులు తెరుస్తారు. నెలాఖరుకల్లా ఏ మండలంలో ఏ నేలో, ఏ ఎనిమిది బడులో తేల్చండి. జూలై మొదటి వారం నుంచి ఆరు వారాల గోడ పాసులు, ఆగస్టు 17న వాటం లేని కాలి టోర్నమెంట్. డ్రిబ్లింగ్ లేనిది దసరా సెలవుల తరవాత, వానలు వెళ్లాక పెట్టొచ్చు. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ (ఎస్‌జీఎఫ్) మండల ఎంపికలు ఆ దగ్గర్లోనే ఉంటాయి కాబట్టి తేదీలు తగలకుండా మండల విద్యాధికారి ముందే చూసుకోవాలి. గోల్ పైపులు, బంతులు, వలలు మీ వంతు. రెఫరీలు మా వంతు. ఏ మండలం తేదీ చెప్పినా అక్కడికి ఇద్దరిని, విజిళ్లు, రిబ్బన్లు, కొలత టేపుతో సహా పంపుతాం. ముందు రోజు గీతలు గీయడానికీ వాళ్లే వస్తారు.

ఇట్లు,
పాలమూరు, నల్లగొండ ప్రాంత ఫుట్‌బాల్ పాత ఆటగాళ్లు, రెఫరీలు